లారెట్ టెయిలర్ అభినయము: సాక్ష్యవిచారము

అమెరికా రంగస్థలచరిత్రమును వ్రాయువారు లారెట్ టెయిలర్ నామమును విడువఁజాలరు. అయిన నామె యభినయమును గూర్చి మిగిలిన ప్రత్యక్షసాక్ష్యము మిక్కిలి యల్పము. లుప్తకావ్యముల మహిమను లక్షణగ్రంథములలోని యుదాహరణముల వలన నూహించు పండితునకు నీ చిక్కు క్రొత్తది కాదు.

ఈమె న్యూయార్కు నగరమునఁ బుట్టి, చిన్ననాఁడే రంగమెక్కెను. ప్రథమభర్త చార్లెస్ టెయిలర్ రచించిన నాటకములలో నూరూరఁ దిరుగుచు విద్య నేర్చెను. రెండవ భర్త హార్ట్లీ మానర్సు రచించిన ‘పెగ్ ఓ మై హార్ట్’ 1912 డిసెంబరులో న్యూయార్కునఁ బ్రారంభమై యాఱువందల ప్రదర్శనములను దాఁటెను. దానిని 1922లో కింగ్ విడర్ మూకచిత్రముగాఁ దీసెను. అప్పటి కామె వయస్సు నలువదికి సమీపించినది. పాత్రమో యైరిష్ బాలిక! 1924లో మానర్సు నాటకములే మఱి రెండు చిత్రములయ్యెను. స్వరమే ప్రాణమైన నటికి మూకచిత్రము లేపాటి సాక్ష్యము?

1928లో మానర్సు మరణింపఁగా నామె మద్యపానమునకు వశయై పెక్కేండ్లు రంగమునకు దూరమయ్యెను. 1938లో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ పునఃప్రదర్శనమున మరల గణుతికెక్కెను.

1944 డిసెంబరు 26వ తేదీని చికాగోలో టెన్నెస్సీ విలియమ్స్ రచించిన ‘ది గ్లాస్ మెనేజరీ’ ప్రారంభమయ్యెను. గతవైభవమును దలఁచుకొనుచు నేఁటి లేమిని మాటలతోఁ గప్పఁజూచు తల్లి యమాండా పాత్రము టెయిలరుది. మొదట జనము పలుచన. క్లాడియా కాసిడీ, ఆష్టన్ స్టీవెన్సు అను పత్రికావిమర్శకులు విడువక ప్రశంసించుటచే నాటకము నిలిచి, 1945 మార్చి 31వ తేదీని న్యూయార్కు చేరెను. 1946 డిసెంబరు 7వ తేదీని టెయిలర్ మరణించెను. 1950లో వెలువడిన చలనచిత్రమున నమాండా పాత్రమును గెర్ట్రూడ్ లారెన్సు ధరించెను. టెయిలర్ యమాండా యే చిత్రమునకును జిక్కలేదు.

ఇఁక మిగిలినది చూచినవారి మాట. వృద్ధనటుల జ్ఞాపకము కాలముతోఁ బెరుగుననుట నిజమే. కాని వారిలోఁ బలువురు మెచ్చినది కన్నీరును గాదు, గంభీరస్వరమును గాదు, నటించుచున్నట్లే తోఁపకుండుట. ఇట్టి సూక్ష్మగుణమును బొగడ్తకై కల్పించుట యరుదు. నటనాచార్యయైన యూటా హేగన్ సయితము తన గ్రంథమున నీమెను ఆదర్శముగా స్మరించినది.

ఒక చిన్న సాక్ష్యము మాత్రము గలదు. ‘ది యంగ్ ఇన్ హార్ట్’ అను 1938 నాఁటి చిత్రము కొఱకు డేవిడ్ సెల్జ్‌నిక్ ఈమెకు శబ్దచిత్రపరీక్ష జరిపించెను. పాత్రము వేఱొకతెకుఁ బోయెను; పరీక్షాఖండము మాత్రము నిలిచినది. అందామె పలుకును, నడుమ నడుమ నాఁగుటయు నేఁటికిని వినవచ్చును.