కోళ్ళగూటిలో వెలుగు

పసిపిల్లలను ఛాయాచిత్రమునకై కదలకుండ కూర్చుండబెట్టుట ఎంతటి పనియో తల్లులకు మేము చెప్పనక్కరలేదు. నేడు సెకనులో నూరవవంతు కాలము చాలును. నూటయరువది యేండ్ల క్రిందట అది సెకనులను దాటి నిమిషముల వరకు సాగెడిది. అట్టి దినములలో ఇంటిపట్టుననే, కేవలము పగటి వెలుతురుతో, పిల్లల రూపములను అద్దముపై నిలిపిన ఒక గృహిణి కథను ఇచ్చట చెప్పదలచితిమి.

జూలియా మార్గరెట్ కామెరన్ 1815లో కలకత్తాలో జన్మించెను. 1863 డిసెంబరులో, ఆమెకు 48వ యేట, కుమార్తెయు అల్లుడును ఒక కెమెరాను కానుకగ నిచ్చిరి. అప్పుడామె ఇంగ్లండు దక్షిణతీరమునందలి వైట్ ద్వీపములో, ఫ్రెష్‌వాటర్ అను గ్రామమున కాపురముండెను. భర్తకు సింహళములో కాఫీతోటలున్నను వాని రాబడి నిలకడ లేనిది. ఆమె క్రొత్తగ స్టూడియో కట్టించలేదు. బొగ్గుల కొట్టు చీకటిగది అయినది; అద్దములు బిగించిన కోళ్ళగూడు స్టూడియో అయినది. కోళ్ళకు స్వేచ్ఛ లభించినదనియు, వానినెవరును తినలేదనియే తన నమ్మకమనియు ఆమె 1874లో వ్రాసికొనిన జ్ఞాపకములలో పరిహసించినది. గ్రుడ్ల వలన కొడుకులకు వచ్చు చిల్లరడబ్బులు మాత్రము ఆగిపోయినవి. వింత యేమన, ఆ కాలమున చిత్రములను ముద్రించు కాగితమునకు పూయునది కోడిగ్రుడ్డులోని తెల్లసొనయే!

గాజుపలకపై కొలోడియను పోసి, వెండి లవణపు నీట ముంచి, తడియారకమునుపే చిత్రము తీసి కడుగవలెను. పిల్ల కదలినచో పలక, మందులు, శ్రమ అన్నియు వ్యర్థము. 1864 జనవరిలో ఇద్దరు పిల్లలను కూర్చుండబెట్టగా ఒకరు కిసుక్కున నవ్వుటతో పలక చెడినది. పిదప ఆనీ ఫిల్పాట్ అను బాలికను ఒంటరిగ కూర్చుండబెట్టి, నీవు కదలినచో నా మందులన్నియు పాడగునమ్మా అని ఆమె బ్రతిమాలుకొనెను. పిల్ల మనసు కరగినది, కదలలేదు. కామెరన్ ఆనందము పట్టలేక, ఆ పిల్లకు కానుకలకై ఇల్లంతయు వెదకెను. చిత్రమును నాడే ముద్రించి, చట్రము కట్టి, తండ్రికి సమర్పించెను. తన తొలివిజయమని దానికి పేరిడినది.

ఇక వెలుతురు మాట. నాటి స్టూడియోలలో అద్దపు కప్పునుండి వెలుతురు కుమ్మరించునట్లు పడెడిది. తల కదలకుండ వెనుక ఇనుప పట్టుకొయ్య. ముఖము పలకవలె చదునుగ కనబడెడిది. కామెరన్ తెరలు కట్టి వెలుతురును చాలవరకు మూసి, ఒక ప్రక్కనుండియో పైనుండియో మాత్రము రానిచ్చెను. చెక్కిలి గుండ్రదనము తెలియుటకు ఆ నీడయే కారణము. మా స్టూడియోలో ప్రతిధ్వని తగులకుండ మేము తెరలు కట్టుటయు ఇట్టిదే. కాని వెలుతురు తగ్గించినకొలది కాలము పెరుగును. ఆమె చిత్రములకు మూడు మొదలు ఏడు నిమిషములు పట్టిన సందర్భములు కలవు. పిల్ల ఊపిరి తీసినను రూపము మసకబారును. విమర్శకులు ఆ మసకను తప్పుపట్టిరి. ఊపిరియాడుచున్న పిల్ల చిత్రము ఊపిరియాడుచున్నట్లుండుట మాకు దోషముగ తోచదు.

అదే కాలమున లండనులో క్లెమెంటీనా హావర్డెన్ తన యింటి మేడగదులలోనే కుమార్తెల చిత్రములు తీసెను. ఆమె సాధనములు పెద్ద కిటికీ, నిలువుటద్దము. 1865లో, 42వ యేట, ఆమె మరణించినది. మన యిండ్లలోను వాకిటి ప్రక్క బిడ్డను కూర్చుండబెట్టి, నీడపడు వైపున ఉతికిన తెల్లపంచె నొకదానిని పట్టుకొన్నచో వెలుతురు మెత్తగ తిరిగివచ్చును. ఎర్రని యెండలో నిలిపి కండ్లు చికిలించజేయుట కంటె ఇది మేలు.

పిల్లల పక్షము కూడ వినవలెను. 1872 ప్రాంతమున కామెరన్ తన చెల్లెలి మనుమరాండ్రగు లారా, రేచెల్ గర్నీలను దేవదూతలుగ చిత్రించెను. బరువైన హంసరెక్కలను తమ చిన్నభుజములకు కట్టెడివారనియు, ఆ చిత్రములలో తమ ముఖములు దిగులుగ నుండుటలో వింత లేదనియు లారా పెద్దయైన పిమ్మట వ్రాసినది.