సైనిక పతకాల ప్రదర్శన, రిబ్బను

సైనిక పతకానికి రెండు భాగాలు: లోహపు బిళ్ళ, దాన్ని ఛాతీమీద వేలాడదీసే రిబ్బను. పాత పతకాలు సేకరించేవారికీ, తాతల పతకాలు దాచుకున్న కుటుంబాలకూ వాటిని పటం కట్టించేటప్పుడు ఒక సందేహం వస్తుంది: రెండింటినీ కలిపి ఉంచాలా, బిళ్ళ ఒక్కటీ చాలా? రిబ్బను మాసిపోయి పోగులు లేచి ఉంటే చాలామంది దాన్ని తీసి పారేస్తారు. ఆ పని చేయకూడదు. పతకాన్ని నెలకొల్పే ప్రభుత్వ ప్రకటనలోనే లోహం, కొలత, ముద్రలతోపాటు రిబ్బను రంగులనూ వెడల్పునూ నిర్ణయిస్తారు. నాలుగడుగుల దూరంలో నిలబడినవాడికి అది ఏ పతకమో చెప్పేది ఎక్కువగా రిబ్బనే.

దీనికి తిరుపతిలోనే మంచి ఉదాహరణ ఉంది. తిరుపతివాసి మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ 1971 యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఒకటో గూర్ఖా రైఫిల్స్‌కు చెందిన అయిదో బెటాలియన్‌ను నడిపించారు. తూర్పు రంగంలో ఉథలీ, దర్శన అనే బలమైన శత్రు స్థావరాలను పట్టుకుని ఝెనైదా వైపు సాగిన ఆ పోరాటానికి మహావీర చక్ర పొందారు. పరమ విశిష్ట సేవా పతకం కూడా ఆయనకు దక్కింది. ఆ యుద్ధ విజయపు స్వర్ణోత్సవమైన స్వర్ణిమ విజయ వర్షం వేడుకల్లో భాగంగా 2021 ఫిబ్రవరి 18న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి తిరుపతిలో ఆయన ఇంటికి వెళ్ళి సత్కరించారు.

ఆయన పొందిన మహావీర చక్ర వెండిది, గుండ్రటిది. దానిమీద అయిదు కోణాల నక్షత్రం, నక్షత్రం నడుమ బంగారు పూతతో జాతీయ చిహ్నం ఉంటాయి. దాని తరవాతి స్థాయిలో ఉన్న వీర చక్ర కూడా వెండిదే, గుండ్రటిదే. దానిమీదా అయిదు కోణాల నక్షత్రమే, నడుమ బంగారు పూత చిహ్నమే. వీర చక్రలో నక్షత్రం మధ్యలో అశోక చక్రం ఉండటం తేడా, కాని అది దగ్గరికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. రిబ్బన్లు మాత్రం దూరంనుంచే పలుకుతాయి: మహావీర చక్రకు సగం తెలుపు, సగం నారింజ, వీర చక్రకు సగం ముదురు నీలం, సగం నారింజ. ఈ రెంటినీ, ఊదారంగు రిబ్బనుండే కంచు పరమవీర చక్రనూ 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. రిబ్బను వెడల్పు సుమారు 3.2 సెంటీమీటర్లు.

పటం కట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మహావీర, వీర చక్రల రిబ్బనులో నారింజ సగం ధరించినవారి ఎడమ భుజం వైపు ఉండాలి. అంటే ఎదురుగా నిలబడి చూసేవారికి అది కుడివైపు కనబడాలి. వెనక ముద్రను చూపాలని పతకాన్ని రిబ్బనుతో సహా తిప్పితే ఈ వరస తారుమారవుతుంది. రెండు వైపులూ చూపదలిస్తే అసలు పతకాన్ని సరైన దిశలోనే ఉంచి, వెనక వైపు ఫోటోను పక్కన పెట్టడం మేలు.

విశిష్ట సేవా పతకాల వరసలో రిబ్బను చదవడం ఇంకా తేలిక. పరమ విశిష్టకు పసుపు రిబ్బనుమీద ముదురు నీలం గీత ఒకటి, అతి విశిష్టకు రెండు, విశిష్టకు మూడు. అశోక, కీర్తి, శౌర్య చక్రలకు ఆకుపచ్చమీద నారింజ గీతలు ఇదే లెక్కన పెరుగుతాయి.

రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్రాల విషయంలో రిబ్బను లేకపోతే దూరంనుంచి చూసేవారికి దారే ఉండదు. ఇవన్నీ ఆరు కోణాలతో, పసుపు ఛాయ లోహంతో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నడుమ వలయంలోని అక్షరాలే వేరు. బర్మా స్టార్ రిబ్బనులో నడుమ ఎరుపు, ఇరుపక్కలా ముదురు నీలం, ఆ నీలంలో సూర్యుడికి గుర్తుగా సన్నటి నారింజ చార. ఇటలీ స్టార్‌కు ఆ దేశపు జెండా రంగులు. ఆఫ్రికా స్టార్‌కు ఎడారి ఇసుక రంగు. తాత ఏ రంగంలో పోరాడాడో మనవలకు చెప్పేది ఆ గుడ్డముక్కే.

రిబ్బను లేకుండా చూపడమే న్యాయమైన పతకాలూ ఉన్నాయి. 1799 మే 4న శ్రీరంగపట్టణం పతనమయ్యాక ఈస్టిండియా కంపెనీ తన సైనికులకు ఇచ్చిన పతకానికి కొక్కెంగాని, నిర్ణీత రిబ్బనుగాని లేవు. పులిని అణచివేస్తున్న సింహం బొమ్మ ఉన్న ఆ బిళ్ళకు, పొందినవారే తమకు తోచిన కొక్కేలు పెట్టించుకున్నారు. అంతకు ముందటి దక్కన్ పతకాన్ని పసుపు తాడుతో మెడలో వేసుకునేవారు. హైదర్ అలీతో జరిగిన యుద్ధానికి బెంగాల్ నుంచి కోస్తా దారిన నడిచివచ్చిన కల్నల్ పియర్స్ సిపాయిలు దాన్ని పొందినవారిలో ఉన్నారు. ఇలాంటి పతకాలకు తరవాతి కాలపు రిబ్బను తగిలించడం చరిత్రకు అబద్ధం అతికించడమే.

చిరిగిన రిబ్బను విషయంలో సేకర్తలు పాటించే పద్ధతి ఇది: అసలు రిబ్బనును ఉతకకుండా, ఇస్త్రీ చేయకుండా ఆమ్లం లేని కాగితంలో మడతలు పడకుండా దాచి, ప్రదర్శనలో అదే నేతలో కొత్తది వాడతారు. కొత్తదని చీటీమీద రాయడం తప్పనిసరి. అసలుదాన్నే చూపదలిస్తే వెలుతురు 50 లక్స్ మించకూడదు. కిటికీ పక్కన వేలాడే పటంలో పట్టు రంగులు కొన్నేళ్ళలోనే వెలిసిపోతాయి.

మన ఇళ్ళలో పటాన్ని దేవుడి పటాల పక్కన పెట్టి దండవేయడం, అగరువత్తి వెలిగించడం మామూలు. ఆ గౌరవం అర్థమయ్యేదే. కాని పూల తడి, పొగ, కుంకుమ పతకానికి చేటు. పొగ తగలని గోడకు పటం తగిలించి, పూలు దాని ముందు బల్లమీద ఉంచవచ్చు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలిలో తేమ పెరుగుతుంది కాబట్టి పటం వెనక సిలికా జెల్ సంచి ఉంచి, అప్పుడప్పుడు మార్చాలి. ప్లైవుడ్ జిగురు ఆవిర్లు, రబ్బరు, ఉన్నిగుడ్డ, వార్తాపత్రిక కాగితం వెండిని నల్లబరుస్తాయి.

వెండి సామానులా విభూతితో, ఇత్తడిలా చింతపండుతో పతకాన్ని తోమకూడదు. బంగారు పూత పోతుంది, ముద్రల అంచులు అరిగిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి. చాలా పతకాల అంచుమీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకాల్లో ఒక మనిషి ఆనవాలు మిగిలేది ఆ సన్నటి అక్షరాల్లోనే. కాబట్టి పటం కట్టేముందు అంచును ఫోటో తీసి ఉంచుకోవాలి, జిగురు దానికి తగలనివ్వకూడదు. బిళ్ళను గుంటలో బిగించే బదులు మెత్తటి దారంతో కట్టడం నయం.

ధరించే హక్కు పతకం పొందినవారిది. కొన్న పతకాన్ని ఛాతీకి పెట్టుకుని సైనికుడిగా చెలామణి కావడం నేరం. 100 ఏళ్ళు దాటిన పతకాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువులుగా పరిగణన పొందవచ్చు. అలాంటివాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం, వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరం.