బదులు కాదు, పక్కన

పెగడపల్లిలో బీడీలు చుట్టీ చుట్టీ నడుము వంగిపోయిన మా పెద్దమ్మకు గర్భసంచి తీసేయాలన్నారు. చదువుకున్నదాన్ని కదా అని ఆసుపత్రికి నన్ను తోడు తీసుకుపోయింది. డాక్టరమ్మతో అంతా నేనే, ఇంగ్లీషులో మాట్లాడాను. బయటికొచ్చాక పెద్దమ్మ అడిగింది: "ఏమన్నది బిడ్డా? నన్నైతే ఒక్క ముచ్చట గూడ అడగకపాయె. నువ్వన్న అడగకపోతివి."

స్త్రీల గొంతు గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని. నా దగ్గర జవాబు లేదు.

ఆసుపత్రిలో ఒక స్త్రీ తరఫున మాట్లాడటమంటే ఏమిటి? 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనికొక జవాబు దొరికింది. పిల్లలు పుట్టకుండా ఇచ్చే నెట్-ఎన్ అనే సూదిమందును భారత వైద్య పరిశోధనా మండలి అక్కడ పరీక్షిస్తోంది. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్లి చూస్తే, అది ప్రయోగమన్న సంగతే వచ్చిన ఆడవాళ్లకు సరిగా తెలియదు. సంఘటన వాళ్లు ఆ సంగతీ, రాగల ఇబ్బందులూ వివరించారు. విన్నాక చాలామంది సూది వద్దని వెళ్లిపోయారు. వద్దన్నది ఆ స్త్రీలే. 1986లో సహేలీ, చింగారీలతో కలిసి సంఘటన సుప్రీంకోర్టుకు వెళ్లింది. కుటుంబ నియంత్రణ పథకంలో ఆ సూదిని విస్తృతంగా వాడటం తగదని ప్రభుత్వం ఒప్పుకోవడంతో 2000లో కేసు ముగిసింది.

కానీ బదులు మాట్లాడే అలవాటు పోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. టీకా మంచిచెడ్డలు వేరే చర్చ. పార్లమెంటరీ సంఘం 2013లో బయటపెట్టిన లెక్క చూడండి: 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవీ హెడ్మాస్టర్లవీ. ఆ సంతకాల వెనక తల్లిదండ్రులూ కనబడరు, పిల్లలూ కనబడరు.

వార్డెన్ల సంగతి సరే, కన్నతల్లి సంతకం పెడితే? 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత స్త్రీ పరీక్ష కోసం మత్తులో ఉండగా, తల్లి అంగీకారం తీసుకుని ఆమె గర్భాశయాన్నీ అండాశయాలనూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివొచ్చాక తనే చెప్పగల స్త్రీకి బదులుగా తల్లి ఒప్పుకున్నా చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఆ తీర్పు చదువుతుంటే ఆ తల్లి స్థానంలో నేను కనిపించాను. ప్రేమ ఉంది, చనువు ఉంది. అడగడమే లేదు.

ఈసారి మరో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. జగిత్యాల బస్సులో పెద్దమ్మ అడగాలనుకున్నవన్నీ ఆమె మాటల్లోనే కాగితం మీద రాసుకున్నాను. లోపలికి వెళ్లాక కాగితం తీయనేలేదు.

"తీయకుంటె ఏమైతదమ్మా?" అని తనే అడిగింది.

డాక్టరమ్మ జవాబు నాకు చెప్పబోయింది. నేను పెద్దమ్మ వైపు చూశాను.