చిన్న కోతతో నడుము ఆపరేషన్: పదేళ్ల తర్వాత సంగతేంటి?

నడుములో పూస జారింది, ఆపరేషన్ చేయాలి అనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "కోత ఎంతుంటుంది?" అని. రెండోది, "ఎన్నాళ్లకు లేచి తిరుగుతాను?" అని. పదేళ్ల తర్వాత ఎలా ఉంటానని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. ఎందుకో తెలియాలంటే కాస్త చరిత్ర చూడాలి.

1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారుగా ఒకే దారి పట్టారు. కదిలే పూసలను ఒకదానికొకటి అతికించేయడం. అప్పట్లో సమస్య పూస జారడం కాదు, వెన్నెముకకు పట్టిన క్షయ. ఆల్బీ కాలి ఎముకలోంచి ముక్క తీసి వెన్నులో అమర్చాడు. అతుక్కునేదాకా రోగి వారాల తరబడి మంచం మీదే. తర్వాత 1960లలో ఫ్రాన్స్‌లో రువా-కామీ పూసల్లోకి స్క్రూలు బిగించే పద్ధతి తెచ్చాడు. దాంతో రోగిని త్వరగా లేపి నిలబెట్టే వీలొచ్చింది.

అయితే స్క్రూ వేయాలంటే వెన్ను పక్క కండరాలను ఎముక నుంచి ఒలిచి, ఆపరేషన్ అయ్యేదాకా పక్కకు లాగి పట్టాలి. ఆ కండరాల్లో ముఖ్యమైనది మల్టిఫిడస్. పూసలు కదలకుండా పట్టి ఉంచేది అదే. అంటే నడుమును నిలబెట్టడానికి చేసే ఆపరేషన్‌లో, నడుమును నిలబెట్టే కండరమే దెబ్బతింటోందన్నమాట!

చిన్న కోత పుట్టింది ఇక్కడే. 1990ల చివర్లో అమెరికాలో కెవిన్ ఫోలీ లాంటి సర్జన్లు కండరాన్ని ఒలవకుండా, దాని పోగుల మధ్య సన్నని గొట్టం, దాని మీద ఇంకాస్త లావు గొట్టం తొడుగుతూ దారి చేశారు. 2000 తర్వాత ఎక్స్‌రేలో చూస్తూ చర్మం మీంచే స్క్రూలు వేయడం కూడా అలవాటైంది.

మరి ఫలితం? మొదటి వారాల్లో లాభం నిజమే. రక్తం తక్కువ పోతుంది, ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయి. కానీ కొన్నేళ్లు గడిచాక నొప్పి ఎంత, తన పని తాను ఎంత చేసుకుంటున్నాడు అని కొలిస్తే, పెద్ద కోతకూ చిన్న కోతకూ తేడా చాలా తక్కువ. కారణం సులువే. దారి మారింది గానీ, లోపల చేసే పని మారలేదు. రెండు పూసలు అతుక్కుపోతే వాటి కదలిక భారం పక్క పూస మీద పడుతుంది. చిన్న కోత ఇంకా అలవాటు కాని రోజుల్లో ఆపరేషన్ అయిన 215 మంది మీద 2004లో ఒక అధ్యయనం వచ్చింది. పక్క పూస చెడి మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఐదేళ్లకు 16.5 శాతం, పదేళ్లకు 36.1 శాతం అని అందులో అంచనా వేశారు.

అప్పుడు అసలు అతికించాలా అన్న ప్రశ్న వచ్చింది. 2016లో స్వీడన్‌లో 247 మందిని చూశారు. నరం మీద ఒత్తిడి మాత్రమే తీసినవాళ్లూ, దానితోపాటు పూసలు అతికించుకున్నవాళ్లూ రెండేళ్లకు దాదాపు సమానంగానే ఉన్నారు. అదే ఏడాది అమెరికాలో 66 మందిని చూస్తే, అతికించినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారు. నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ వాళ్లలో 14 శాతానికి, అతికించనివాళ్లలో 34 శాతానికి పడింది. కాబట్టి అందరికీ ఒకే జవాబు లేదండీ. వంగినప్పుడు బాగా కదిలే పూస వేరు, జారి అక్కడే కుదురుకున్న పూస వేరు.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్పారనుకోండి, కోత సంగతి తర్వాత. వంగి, వెనక్కి వాలి తీసిన ఎక్స్‌రేల్లో పూస ఎంత కదులుతోంది? ఒత్తిడి తీస్తే సరిపోదా? అతికిస్తే పక్క పూస పరిస్థితేంటి? ఈ మూడూ ముందు అడగండి. కోత చిన్నదా పెద్దదా అనేది ఆ తర్వాతి మాట.