పర్లాకిమిడి చిన్న రైలు



మన దేశమున రైలుమార్గముల చరిత్ర చెప్పువారందరును 1853వ సంవత్సరమున బొంబాయి, ఠాణాల నడుమ నడచిన మొదటి బండితో నారంభింతురు. పిమ్మట మహానదులపై గట్టిన వంతెనలను, కొండలను దొలిచిన సొరంగములను వర్ణింతురు. అది యుక్తమే. కాని పెద్దకాలువను మాత్రమే వర్ణించి పిల్లకాలువలను విడిచినచో పొలమునకు నీరెట్లు చేరెనో తెలియదు. పెద్ద రైలు దేశమున కీ కొననుండి యా కొనకు పోవును. అది మన యూరికి పండ్రెండు క్రోసుల దూరమున పోయినచో మన కల్లములోని ధాన్యమునకు దానివలన నేమి ప్రయోజనము? ఆ పండ్రెండు క్రోసుల కొరతను దీర్చుటకు పుట్టినవే చిన్న రైలుమార్గములు. అట్టివానిలో నొకటి శ్రీకాకుళము జిల్లాలోని నౌపడాయొద్ద బయలుదేరి, పర్లాకిమిడి మీదుగా గుణుపురము వరకు నూరేండ్లకు పైగా నడచినది. దాని కథయే యీ పూట ప్రసంగవిషయము.

చిన్న రైలనగా నేమో ముందుగా దెలిసికొందము. రెండు పట్టాల నడుమనుండు వెడల్పునుబట్టి మార్గములను విభజింతురు. మన దేశమున మొదట నేర్పరచిన వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు. దీనినే బ్రాడుగేజి యందురు. దీనికి వ్యయమెక్కువ యగుచున్నదని 1870వ సంవత్సరమున, మేయో ప్రభువు రాజప్రతినిధిగా నున్నకాలమున, ఒక మీటరు వెడల్పుగల దారుల నంగీకరించిరి. అంతకంటె నిరుకైనవి 2 అడుగుల 6 అంగుళములవియు, 2 అడుగులవియు. ఇవి నారోగేజి దారులు. దారి యిరుకైనకొలది కట్ట సన్నముగా వేయవచ్చును. వంతెన తేలికగా గట్టవచ్చును. కొండ యడ్డము వచ్చిన దొలువక చుట్టి పోవచ్చును. కావున నల్పధనముతో నిర్వహింపదగినది చిన్నదారి.

అయితే దారి యిరుకు చేయుట యొక్కటియే చాలదు. ఈ సంగతి బరోడా సంస్థానమున తెలియవచ్చినది. అచటి ప్రభువగు ఖండేరావు గాయక్వాడు 1862వ సంవత్సరమున దభోయి, మియాగాము అను నూళ్ల నడుమ సుమారు 20 మైళ్ల యిరుకుదారిని వేయించెను. మన దేశమున నారోగేజికి అదియే యాది. దానిమీద బండ్లను లాగినవి యావిరియంత్రములు కావు, ఎడ్లు! యంత్రములు దొరకకపోలేదు, పట్టాలు మిక్కిలి తేలికవి యగుటచే యంత్రపు బరువును మోయజాలకపోయెను. బరువైన పట్టాలు పరచిన పిమ్మట, 1873వ సంవత్సరమునుండి గాని యచట యంత్రములు నిత్యముగా నడువలేదు. గుఱ్ఱమెంత బలిష్ఠమైనను బురదదారిలో దిగబడును గదా! యంత్రమునకు దగిన దారి, దారికి దగిన యంత్రము నుండవలెను.

ఈ చిక్కును లెక్కతో విడదీసినవాడు ఎవరార్డు కాల్త్రోపు అను నాంగ్లేయ ఇంజనీరు. ఆయన 1882వ సంవత్సరమున గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కొలువునకై మన దేశమునకు వచ్చెను. షోలాపురము జిల్లాలోని బార్శి పట్టణము ప్రత్తివర్తకమునకు బేరుగన్నదయ్యు, పెద్దరైలు దానికి 21 మైళ్ల దూరమున పోవుట యాయన గమనించెను. ఆ కొరతను దీర్చుటకు ఆయన వేయించిన 2 అడుగుల 6 అంగుళముల దారి 1897వ సంవత్సరమున తెరువబడెను. ఆయన పెట్టుకొన్న నియమమొక్కటి: ఏ యిరుసుమీదను 5 టన్నులకు మించి భారము పడరాదు. యంత్రమునకును సరకుపెట్టెలకును ఇదియే నియమము. ఈ నియమము పాటించినచో గజమునకు 30 పౌనుల తూకముగల పట్టాలే చాలును.

మఱి బలమైన యంత్రమును 5 టన్నుల నియమములో నిముడ్చుట యెట్లు? భారమును పెక్కు చక్రములకు బంచుటయే యుపాయము. లీడ్సు నగరమున కిట్సను కర్మాగారమువారు ఆ దారికై చేసిన యంత్రమునకు లాగుడుచక్రము లెనిమిది, వెనుక మోతచక్రములు నాలుగు. ఒక యెద్దు లాగలేని బండికి నాలుగు జతలు గట్టి లాగించినట్లే యిది. మఱియు నీటికి, బొగ్గునకు వేఱు బండి తగిలింపక, వానిని యంత్రముపైననే యుంచిరి. దానివలన నీటి బరువును చక్రములకు బట్టునిచ్చుటకు బనికివచ్చెను. బార్శి దారి 1906వ సంవత్సరమున పండరిపురమునకును, 1911వ సంవత్సరమున నైజాము రాజ్యములోని లాతూరునకును, 1927వ సంవత్సరమున మిరజునకును బ్రాకి 200 మైళ్లు దాటెను.

ఇక మన దారికి వత్తము. 1893వ సంవత్సరము మొదలు 1896వ సంవత్సరమువఱకు ఈస్టు కోస్టు రైల్వే యను పేర బెజవాడనుండి కటకము దిక్కునకు సముద్రతీరము వెంబడి పెద్దదారి తెరువబడెను. అది నౌపడా మీదుగా పోయెను. నౌపడా ఉప్పుకొఠారులకు బ్రసిద్ధి. అచటినుండి లోపలికి టెక్కలి, పాతపట్నము, మహేంద్రతనయ యొడ్డున పర్లాకిమిడి, ఆవల వంశధార లోయ, దానికి మీద సవరల కొండలు. పర్లాకిమిడి యొక పెద్ద జమీందారీకి రాజధాని. పెద్దదారి దానికి సుమారు 25 మైళ్ల యెడముగా పోయినది.

అప్పటి పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి నారాయణదేవు. తన పట్టణమును పెద్దదారితో గలుపవలెనని ఆయన సంకల్పించెను. 1898వ సంవత్సరమున ప్రభుత్వమువారి యనుమతి లభించెను. రెండేండ్లలో పని ముగిసి, 1900వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన నౌపడా-పర్లాకిమిడి దారి తెరువబడెను. దాని వెడల్పు 2 అడుగుల 6 అంగుళములు. వ్యయము 7 లక్షల రూపాయలు. అనగా మైలునకు సుమారు 28 వేల రూపాయలన్నమాట. ఆ కాలపు రూపాయి విలువ మీకు దెలియనిది కాదు.

ఇంత వ్యయపఱచి వేసిన దారికి లాభము వచ్చెనా? రాలేదు. మొదటి పదేండ్లును నష్టమే. ఇందులో నాశ్చర్యము లేదు. బండి నిండినను నిండకున్నను ప్రతిదినము యంత్రమునకు బొగ్గు వేయవలెను, నీరు పోయవలెను. స్టేషనులో నుద్యోగులకు జీతమియ్యవలెను. దారి చిన్నది గనుక కేవు చిన్నది. ఖర్చు మాత్రము దారితోపాటు తగ్గదు. పైగా వెడల్పులు వేఱగుటచే చిన్నబండిలోని సరకు తిన్నగా పెద్దబండిపై బోజాలదు. నౌపడాలో మూటమూటయు దింపి మరల నెక్కింపవలెను. ఎడ్లబండివాడో, కల్లములో నెత్తిన బస్తాను సరిగా నౌపడాలోనే దింపును. ఇట్టి పోటీలో చిన్నరైలు నిలద్రొక్కుకొనుట సులభమా?

ఇంకొక సూక్ష్మమును గలదు. పర్లాకిమిడిలో నెక్కిన బస్తా చిన్నరైలుకిచ్చునది 25 మైళ్ల కేవు మాత్రమే. అదే బస్తా పెద్దరైలుపై నూఱుల మైళ్లు పోయినచో ఆ కేవంతయు పెద్దరైలుకే చెందును. నదికి నీరు తెచ్చునది వాగు. కీర్తి మాత్రము నదిది. ఇక రైతునకు గల్గిన లాభము, రోగి యాసుపత్రికి జేరిన లాభము, పిల్లవాడు బడికి జేరిన లాభము రైలు చిట్టాలో నెక్కవు. కావున చిన్నరైలు నష్టపడినదన్నమాట సత్యమే గాని పూర్ణసత్యము కాదు. దాని నష్టము దాని చిట్టాలో నుండెను. దాని లాభము పరుల చిట్టాలలో నుండెను.

ఈ నష్టకాలములోనే, 1905వ సంవత్సరమున, గౌరచంద్ర గజపతి దివంగతుడయ్యెను. కుమారుడగు కృష్ణచంద్ర గజపతి 1892వ సంవత్సరమున జన్మించినవాడగుటచే నప్పటికి బాలుడు. ఆయన 1913వ సంవత్సరమున పట్టమునకు వచ్చెను. నడుమ నట్టి సందర్భమున నష్టపు వ్యవహారమును గట్టిపెట్టినచో నడుగువారెవరు? అయినను దారిని పెఱికివేయలేదు. బండి నడచుచునే యుండెను. 1910వ సంవత్సరము తరువాత స్వల్పముగా లాభము గనబడెను. 1924-25 తరువాత నది వృద్ధి పొందెను. ఆ ధైర్యముతో దారిని వంశధార లోయలోనికి బొడిగించిరి. ఈ పొడిగింపు 1929, 1931 సంవత్సరములలో రెండు విడతలుగా సాగి గుణుపురము చేరెను. మొత్తము దారి 90 కిలోమీటర్లు, అనగా సుమారు 56 మైళ్లు.

దారి గుణుపురము చేరిన 1931వ సంవత్సరముననే మఱియొక దారియు ముగిసినది. పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా బనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాషను నేర్చి, యనేకవర్షములు శ్రమించి రచించిన సవరభాషా వ్యాకరణమును చెన్నపురి ప్రభుత్వమువారు ఆ యేడు ముద్రించిరి. వ్యావహారికభాషా వాదమున మావంటి పాతబడి పండితులు వారితో నేకీభవించినను లేకున్నను, ఈ కార్యమునకు చేయెత్తి మ్రొక్కవలసినదే. సవరల కొండలచెంతకు సరకుదారి వేసినది రైలు. వారి మాటలకు దారి వేసినవారు పంతులుగారు. రెండింటికిని నాధారస్థానము పర్లాకిమిడియే.

పిమ్మట రాజకీయపు గీత యీ దారి నడ్డముగా గోసెను. దారి తెరిచిన ముప్పదియాఱేండ్లకు, సరిగా నదే తేదీన, 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన, ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. పర్లాకిమిడి పట్టణమును గుణుపురమును ఆ రాష్ట్రమున జేరెను. నౌపడా, టెక్కలి, పాతపట్నము మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. ఇందులకు మనసు నొచ్చి రామమూర్తి పంతులుగారు తమ జీవితమంతయు గడపిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. మనుష్యులు విడిపోయిరి గాని పట్టాలు విడిపోలేదు. తెలుగువారును ఒడియావారును సవరలును ఒకే పెట్టెలో గూర్చుండి ప్రయాణము చేయుచునే యుండిరి. ఎల్లగీతకు రెండువైపుల నున్న బంధువులకు, సంతలకు, కోర్టుపనులకు నిదియే వంతెన యయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట జమీందారీలు పోయినవి. దారి ప్రభుత్వపు రైల్వేలలో గలిసినది. 1955వ సంవత్సరమున నేర్పడిన సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనిదై చిరకాలము నడచినది. ఆవిరియంత్రముల స్థానమున డీసెలు యంత్రములు వచ్చినవి. ప్రక్కనే తారురోడ్డు పడి బస్సులు దిరుగసాగినవి. బండి నెమ్మదియని పరిహసించినవారు గలరు. నడుచుచున్న బండి దిగి మరల నెక్కవచ్చునని చిన్నరైళ్లన్నింటిని గూర్చియు లోకులు చెప్పుకొనెడి వేడుకమాట గదా! కాని బస్సులో బట్టని గంపలును మూటలును దానిలో బట్టెడివి. బస్సుకూలి యియ్యలేని పేదకు నదియే దిక్కు.

2004వ సంవత్సరము జూనులో చిన్నబండి నిలిచిపోయెను. పట్టాలు తీసి, కట్ట వెడల్పు చేసి, వంతెనలు బలపఱచి, బ్రాడుగేజి వేయుట కేడేండ్లు పట్టెను. 2011వ సంవత్సరము ఆగస్టులో పెద్దబండి గుణుపురము చేరెను. నౌపడాలో దింపి యెక్కించు బాధ తీరినది. గుణుపురములో నెక్కినవాడు దిగకయే పూరీ వఱకు బోవచ్చునని జనులు సంతసించిరి. చిన్నబండి పోయినదని విలపించుట కంటె, అది పెద్దబండికి దారి యిచ్చినదని తలచుట న్యాయము. నూటనాలుగేండ్లపాటు చిన్నబండి నడచి యుండనిచో ఆ లోయలోనికి పెద్దబండిని దెమ్మని యడుగు వాడుకయే జనులకు గలిగి యుండదు.

శ్రోతలారా! ఈ కథవలన మనకు దెలియునది రెండు సంగతులు. మొదటిది బార్శి యంత్రము చెప్పినది: తన దారి మోయగల బరువెంతయో యెఱిగి పని నారంభించినవాడు కొలదిధనముతోను కార్యము సాధింపగలడు. రెండవది పర్లాకిమిడి చిట్టా చెప్పినది: ఊరికి సంబంధించిన వసతులను దాని యొక్క చిట్టాతోనే తూచరాదు. బస్సు గాని, తపాలాకచ్చేరి గాని, చిన్నవంతెన గాని, నష్టములో నున్నది తీసివేయుదమన్నమాట మన గ్రామసభలలో వినవచ్చినప్పుడు, మీవంటి పెద్దలు లేచి యొక ప్రశ్న యడుగవలెను: దీని లాభమెవరి చిట్టాలో నెక్కుచున్నది? పది సంవత్సరములు నష్టమునకోర్చి నిలిచిన యా చిన్నరైలు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పియే పోయినది.