హ్యామ్ రేడియోలో మోర్స్ తగువు

1924 అక్టోబరు 18న న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని షాగ్ వ్యాలీ నుంచి ఫ్రాంక్ బెల్ పంపిన సంకేతాన్ని లండన్ మిల్ హిల్ స్కూల్లో సెసిల్ గోయ్‌డర్ అందుకుని బదులిచ్చాడు. బెల్‌ది గొర్రెల పెంపకం మీద బతికే కుటుంబం. గోయ్‌డర్ పద్దెనిమిదేళ్ల విద్యార్థి. ఇంగ్లండ్, న్యూజిలాండ్‌ల మధ్య రెండువైపులా సాగిన మొదటి రేడియో సంభాషణ అదే. అంతకు ఏడాది ముందు, 1923 నవంబరులో, ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, అమెరికాలోని కనెక్టికట్ నుంచి ఫ్రెడ్ ష్నెల్ ఇలాగే అట్లాంటిక్ మీదుగా పలకరించుకున్నారు.  వీళ్లంతా ఇష్టంకొద్దీ రాత్రిళ్లు మేలుకుని సొంత చేతులతో సెట్లు కట్టుకున్న ఔత్సాహికులు.

ఆ సంభాషణల్లో ఎవరి గొంతూ వినపడలేదు. ఉన్నదంతా చుక్కలు, గీతలతో సాగే మోర్స్ కోడ్. దూరాలకు పనికిరావని ప్రభుత్వాలు, కంపెనీలు పక్కన పెట్టేసిన 200 మీటర్ల లోపు పొట్టి తరంగాలను ఔత్సాహికులకు వదిలేస్తే, వాళ్లు వాటితోనే భూగోళాన్ని చుట్టివచ్చారు. హ్యాములకు, అంటే ఈ రేడియో ఔత్సాహికులకు, కోడ్ మీద అంత మమకారం ఎందుకో తెలియాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. తమ వాళ్లు ప్రపంచానికి చేసిన అతి పెద్ద ఉపకారం ఆ భాషలోనే జరిగింది. అదే కోడ్‌ను పరీక్షగా పెట్టి, ప్యాసైతేనే లోపలికి రానిస్తామన్నచోట తగువు మొదలైంది. అది దశాబ్దాలపాటు నడిచింది, స్నేహాలను చెడగొట్టింది, క్లబ్బులను చీల్చింది.

పరీక్ష పెట్టినవాళ్లు కావాలని అడ్డుగోడ కట్టారనుకుంటే అన్యాయమే అవుతుంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రేడియో చట్టం తెచ్చి, అంతవరకూ ఎవరి ఇష్టం వారిదిగా సాగిన ప్రసారాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పట్లో ఓడలు, నౌకాదళం, ఔత్సాహికులు పక్కపక్క తరంగాల మీదే ఉండేవారు. ఆపదలో ఉన్న ఓడ ఎస్‌ఓఎస్ ఇస్తున్నప్పుడు ఏ ఊళ్లోనో ఒక కుర్రాడి ట్రాన్స్‌మిటర్ అడ్డం తగిలితే, ‘ఆపు’ అని అతనికి చెప్పడానికి మోర్స్ తప్ప ఇంకో దారి లేదు. ఆ మాట అర్థం చేసుకోలేని మనిషి చేతికి ట్రాన్స్‌మిటర్ ఇవ్వకూడదనడం న్యాయమే. ఈ నియమం తర్వాత అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోకీ ఎక్కింది.

ఆ పట్టు మాత్రం మెల్లమెల్లగా సడలుతూ వచ్చింది. 1947లో అట్లాంటిక్ సిటీ సమావేశం 1,000 మెగాహెర్ట్జ్ పైన పనిచేసేవారికి కోడ్ అక్కర్లేదంది. ఆ హద్దు 1959లో 144 మెగాహెర్ట్జ్‌కు, 1979లో 30 మెగాహెర్ట్జ్‌కు దిగింది. 30కి పైనున్న తరంగాలు మామూలుగా ఊళ్లోనో, చుట్టుపక్కలో తిరిగేవి. వాతావరణం పై పొరల్లో తగిలి వెనక్కి వంగి ఖండాలు దాటేవన్నీ దానికి కిందే ఉన్నాయి. పక్క వీధి మిత్రుడితో మాట్లాడుకోవడానికి కోడ్ అక్కర్లేదు, బ్రెజిల్‌తో మాట్లాడాలంటే కావాలి, అదీ చివరికి మిగిలిన లెక్క. రేడియో మీద మోజుపడే పిల్లలకు కావలసింది బ్రెజిలే.

అమెరికాలో 1951 నుంచి మెట్లు ఇలా ఉండేవి: కొత్తగా వచ్చేవారికి నిమిషానికి 5 పదాలు, జనరల్ లైసెన్సుకు 13, అన్నిటికన్నా పైదైన ఎక్స్‌ట్రాకు 20. ఈ ‘పదం’ కొలత ‘పారిస్’ అనే మాటను ఇంగ్లిషులో కొట్టడానికి పట్టే సమయం. చుక్క ఒక పాలు, గీత మూడు పాళ్లు, ఒకే అక్షరంలోని చుక్కలు గీతల మధ్య ఒకటి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. అన్నీ కలిపితే పారిస్ యాభై పాళ్లు. నిమిషానికి 5 పదాల వేగంలో ఒక చుక్క 0.24 సెకను ఉంటుంది. 20 పదాల దగ్గర అదే 0.06 సెకను. అభ్యర్థి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, ఐదు నిమిషాలపాటు వచ్చింది వచ్చినట్టు రాయాలి. ఒక అక్షరం తప్పిపోయిందని దాని గురించి ఆలోచించాడా, వెనకాలే మరో మూడు పోతాయి.

నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది నిమిషానికి పది పదాల దగ్గర ఆగిపోయేవారు. దానికి కారణముంది. చాలామంది కోడ్‌ను కాగితం మీద చుక్కలు గీతలుగా చూసి బట్టీపట్టేవారు. చప్పుడు వినగానే లెక్కపెట్టి, మనసులోని పట్టికలో వెతికి, అప్పుడు అక్షరం రాస్తారు. ఆ వెతుకులాటకు పది పదాల తర్వాత సమయం చాలదు. 1930ల్లో జర్మన్ మనస్తత్వవేత్త లుడ్విగ్ కోచ్ దీన్ని పరిశీలించి వేరే పద్ధతి చెప్పాడు. మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో రెండే రెండు అక్షరాలు వినిపించాలి. నూటికి తొంభై సరిగ్గా పట్టుకున్నాకే మూడోది చేర్చాలి. మృదంగం గురువు శిష్యుడి చేత జతి ముందు నోటితో పలికించి, తర్వాతే చెయ్యి వేయించినట్టు, కోడ్‌ను కంటికి చూపించకుండా చెవికి అప్పగించడమన్నమాట. ‘సి’ అక్షరం డాడిడాడిట్. ‘క్యూ’ డాడాడిడా. ఈ రెండూ కలిసి వస్తే, ఎవరైనా ఉన్నారా అని ఒక హ్యామ్ లోకాన్నంతా పిలుస్తున్నాడని అర్థం. అలవాటైన చెవికి అందులో చుక్కా లేదు, గీతా లేదు. పిలుపు ఒక్కటే ఉంటుంది.

ఈ స్థితికి చేరుకున్నవాళ్లే పరీక్ష ఉండాలని గట్టిగా పట్టుబట్టారు. వాళ్ల వాదనలో బలముంది. ఒక గొంతు ప్రసారానికి సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు 150 చాలు. ఒక గొంతు పట్టే చోట పది మందికి పైగా కోడ్‌లో మాట్లాడుకోవచ్చు. శక్తంతా ఆ సన్నని గీతలోనే కూడి ఉంటుంది కాబట్టి, గొంతు గురగురల్లో మునిగిపోయినా కోడ్ తేలుతుంది. ఐదు వాట్లతో, కొన్నిసార్లు అంతకన్నా తక్కువతో ఖండాలు దాటినవాళ్లు వేలల్లో ఉన్నారు. రెండు మూడు ట్రాన్సిస్టర్లతో ట్రాన్స్‌మిటర్ కట్టవచ్చు. అన్నిటికీ మించి, ఇంత కష్టపడి లోపలికి వచ్చిన మనిషి గాలి తరంగాలను గౌరవిస్తాడన్నది వాళ్ల నమ్మకం.

ఈ చివరి మాట దగ్గరే నేను వాళ్లతో విభేదిస్తాను. కష్టం మర్యాద నేర్పుతుందన్న హామీ లేదు. నిమిషానికి 20 పదాలు కొట్టేవాళ్లలోనూ మోటువాళ్లున్నారు, ఒక్క అక్షరం రానివాళ్లలోనూ పెద్దమనుషులున్నారు. చెవులు సరిగా వినపడనివాళ్లను, చెయ్యి స్వాధీనంలో లేనివాళ్లను ఈ పరీక్ష ఏళ్ల తరబడి బయటే నిలబెట్టింది. డాక్టరు సర్టిఫికెట్ తెస్తే పై మెట్ల పరీక్ష నుంచి మినహాయింపు ఇవ్వడం అమెరికాలో 1990ల్లో గానీ మొదలు కాలేదు. సర్క్యూట్లు గీయగలిగి, యాంటెనాలు లెక్కగట్టగలిగి, కంప్యూటర్లతో రేడియోను కలపగలిగిన కుర్రాడిని లయజ్ఞానం లేదని తిప్పి పంపితే నష్టం ఎవరికి?

సొంతంగా కట్టుకోవడానికి కోడ్ సెట్టే దిక్కన్న వాదనకు గట్టి జవాబు మన హైదరాబాద్ నుంచే వచ్చింది. 2000ల తొలి ఏళ్లలో ఇక్కడి హ్యామ్ అషర్ ఫర్హాన్ ‘బిట్‌ఎక్స్’ అనే గొంతు ప్రసారాల సెట్టుకు డిజైన్ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. విదేశాల నుంచి ఖరీదైన ఫెర్రైట్ చక్రాలు తెప్పించుకోవాల్సిన చోట నల్లాలకు వేసే ప్లాస్టిక్ వాషర్ల మీద తీగ చుట్టమన్నాడు. మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ట్రాన్సిస్టర్లు చాలన్నాడు. దేశదేశాల హ్యాములు దాన్ని కట్టుకున్నారు. పేదవాడి రేడియో అంటే కోడ్ రేడియోనే అన్న మాట ఆ తర్వాత నిలబడలేదు.

ఇక అమెరికా విషయం. 1983లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ కోడ్ లేని లైసెన్సు ప్రతిపాదిస్తే హ్యాములు మూకుమ్మడిగా ఎదురుతిరిగారు. కమిషన్ వెనక్కి తగ్గింది. 1991లో టెక్నీషియన్ అనే కింది మెట్టు లైసెన్సుకు కోడ్ ఎత్తేశారు. 2000 ఏప్రిల్‌లో కోడ్ మిగిలిన మెట్లన్నిటికీ 5 పదాలే చాలన్నారు. 20 పదాలు సాధించి ఎక్స్‌ట్రా తెచ్చుకున్న పెద్దలకు ఇది మింగుడుపడలేదు. సాఫ్ట్‌వేర్ రంగంలో పేరున్న బ్రూస్ పెరెన్స్ స్థాపించిన నో-కోడ్ ఇంటర్నేషనల్ ఒకవైపు, 1987లో బ్రిటన్‌లో పుట్టిన ఫిస్ట్స్ అనే మోర్స్ క్లబ్బు ఇంకోవైపు నిలిచాయి.

ఈలోపు కింద నేలే కదిలిపోయింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడలు ఆపద సంకేతాలకు ఉపగ్రహాలు, ఆటోమేటిక్ పరికరాలతో కూడిన కొత్త వ్యవస్థకు పూర్తిగా మారిపోయాయి. ఫ్రెంచి తీర స్టేషన్లు 1997 జనవరి చివర్లోనే మోర్స్‌కు వీడ్కోలు సందేశం పంపి మూగబోయాయి. ‘ఆపు’ అని చెప్పే ఓడే లేకపోతే, ఆ మాట అర్థం కావాలన్న నియమానికి ఆధారమేదీ? 2003 జులైలో జెనీవా రేడియో మహాసభ పరీక్ష ఉండాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఏ దేశానికి ఆ దేశానికి వదిలేసింది. నెల తిరక్కుండానే బ్రిటన్ పరీక్ష ఎత్తేసింది. అమెరికా మరో మూడేళ్లకు పైగా తటపటాయించి, 2007 ఫిబ్రవరి 23 నుంచి పూర్తిగా తీసేసింది. కనీసం ఎక్స్‌ట్రాకైనా 5 పదాలు ఉంచండని అక్కడి హ్యాముల జాతీయ సంస్థ అడిగినా కమిషన్ ఒప్పుకోలేదు.

పరీక్షకు ఆఖరి రోజులు నడుస్తున్న ఆ కాలంలోనే కోడ్ కొత్త ఊపిరి కూడా పోసుకుంది. ఈమెయిల్ చిరునామాల కోసం 2004లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ‘ఎట్’ గుర్తుకు మోర్స్ సంకేతం కేటాయించింది, డిడాడాడిడాడిట్ అని. మరుసటి ఏడాది మే నెలలో జే లెనో టీవీ షోలో ఇద్దరు హ్యాములు, మొబైల్‌లో ఎస్‌ఎంఎస్ కొట్టడంలో దిట్టలతో పోటీపడి ముందే సందేశం ముగించేశారు.

మన దేశం దారి కొంచెం వేరు. 1978 అమెచ్యూర్ సర్వీస్ నిబంధనల్లో గ్రేడ్-2కు నిమిషానికి 5 పదాలు, గ్రేడ్-1కు 12 ఉండేవి. తర్వాతి సవరణల్లో జనరల్, రిస్ట్రిక్టెడ్ అని రెండు గ్రేడ్లు చేశారు. రిస్ట్రిక్టెడ్‌కు కోడ్ వద్దన్నారు, జనరల్‌కు 8 పదాలు పెట్టారు. అంటే జెనీవా మహాసభ స్వేచ్ఛ ఇచ్చాక కూడా మనం గేటు పూర్తిగా తీయకుండా ఓరగా ఉంచాం.

కోడ్ లేని రేడియో అత్యవసరాల్లో ఎందుకు పనికొస్తుందని అడిగేవారికి 2004 డిసెంబరు చూపించాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. ఆ దీవుల నుంచి హ్యామ్ ప్రసారాలు జరగక అప్పటికి 17 ఏళ్లు. ప్రపంచమంతా వాళ్ల కాల్‌సైన్ (స్టేషను గుర్తింపు పేరు) కోసం ఎగబడుతున్న రోజుల్లో, 26వ తేదీ తెల్లవారి భూమి కంపించింది, వెనకే సునామీ. ఫోన్లు పోయాయి. సరదాకు తెచ్చుకున్న సెట్లే ఆ దీవులకు ప్రధాన భూభాగంతో ఆధారమయ్యాయి. ఫలానావాళ్లు క్షేమమేనా అని అడిగిన కుటుంబాలకు జవాబులు ఎక్కువగా గొంతుతోనే వెళ్లాయి. కబురు కోసం కాచుకున్న తల్లికి కావలసింది వేగంగా, సూటిగా చెప్పే మనిషి. ఆ చెప్పడం గొంతుతోనా కోడ్‌తోనా అన్నది ఆమెకు పట్టని విషయం.

పరీక్ష పోతే మోర్స్ చచ్చిపోతుందని భయపడ్డవాళ్ల అంచనా తప్పింది. పరీక్ష పోతే జనం పోటెత్తుతారన్నవాళ్ల అంచనా కూడా కొంతే నిజమైంది. అమెరికాలో లైసెన్సులు కొద్ది ఏళ్లలో 7 లక్షలు దాటాయి, నిజమే, కానీ అది వరద కాదు. కోడ్ విషయంలో మాత్రం ఎవరూ ఊహించనిది జరిగింది. 2006లో స్ట్రెయిట్ కీ సెంచరీ క్లబ్బు పుట్టింది. సీడబ్ల్యూ ఆప్స్ అనే క్లబ్బు ఇంటర్నెట్‌లో ఉచితంగా తరగతులు పెట్టింది. ప్యాసవ్వాలన్న ఒత్తిడి లేక, ఇష్టంతో, సరైన పద్ధతిలో నేర్చుకుంటున్నవాళ్లు ఆ తరగతులు నింపుతున్నారు.

‘బలహీన సంకేతానికి మోర్స్‌ను మించింది లేదు’ అన్న పాత గర్వాన్ని మాత్రం ఇప్పుడు వదులుకోవాల్సిందే. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, ఆయనతోపాటు స్టీవ్ ఫ్రాంకీ కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి చెవికి అసలు అందని సంకేతాలను కూడా కంప్యూటర్‌తో చదివేస్తుంది. ఇవాళ హ్యామ్ బ్యాండ్ల మీద ఎక్కువ రద్దీ దానిదే. కానీ అందులో మాట్లాడుకునేది రెండు యంత్రాలు. కోడ్‌లో ప్రతి మనిషికీ తనదైన చేతివాటం ఉంటుంది. గీత కొంచెం సాగదీసేవారు, చుక్క తొందరగా తెంపేవారు ఉంటారు. పాత మిత్రుడు కాల్‌సైన్ చెప్పకముందే అతనెవరో తెలిసిపోతుంది. మోర్స్ బతికుండటానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. దానికి చట్టం అండ అక్కర్లేదు.

వినాలనుకునేవారికి రేడియో కూడా అవసరం లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఉన్న వెబ్‌ఎస్‌డీఆర్ రిసీవర్ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. 7,000 నుంచి 7,040 కిలోహెర్ట్జ్ మధ్య, మోర్స్‌కు హ్యాములు వాడే పేరైన సీడబ్ల్యూ అన్న బటన్ నొక్కి, మెల్లగా ముందుకు జరపండి. నవంబరు చివరి శని, ఆదివారాలైతే ప్రపంచ మోర్స్ పోటీ నడుస్తుంటుంది. ఆ రెండు రోజులూ అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు.