టెలిఫోను తీగపై లేఖలు: మోడెము కాలపు గుణదోషములు

కృష్ణా డెల్టాలో టెలిఫోను తీగ మీదుగా కంప్యూటరు లేఖలు నడచిన కాలము మనకు మిక్కిలి దగ్గరిది. 1995 తరువాత ఇంచుమించు పదియేండ్లు. ఆనాటి యంత్రములు పాత సామానులు కొనువారి తక్కెడలోనికి ఎన్నడో చేరినవి. వానిని నడిపిన సాఫ్టువేరుల పేరులు సయితము నేటి పిల్లలకు తెలియవు. అయినను మన పల్లెలలో ఏ యరుగుమీద కూర్చుండి యడిగినను, అమెరికాలోనున్న కొడుకునుండియో కూతురునుండియో వచ్చిన మొదటి ఈ-మెయిలును గూర్చి చెప్పగల పెద్దలు ఒక్కరైన నుందురు. ఆ లేఖ వచ్చిన త్రోవ యెట్టిది, ఆ త్రోవలో సుఖమెంత, కష్టమెంత యనుటయే నేటి ప్రసంగవిషయము.

టెలిఫోను తీగ మనుష్యుని గొంతుకకై వేసినది. కంప్యూటరునకు గొంతుక లేదు. దానికున్నవి సున్న, ఒకటి యను రెండు గుర్తులే. ఈ గుర్తులను స్వరములుగా మార్చి తీగలోనికి వదలి, ఆవలి కొసను ఆ స్వరములను మరల గుర్తులుగా మార్చు పెట్టెకు మోడెమని పేరు. మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అను రెండు మాటల తలలు తెంచి అతికించిన పేరిది. పాణినీయము చదివినవారికి ప్రత్యాహారములు జ్ఞప్తికి రాక మానవు. 1962లో అమెరికాలో బెల్ సంస్థవారి మోడెము సెకనుకు 300 గుర్తులు పంపెను. అనగా సుమారు ముప్పది అక్షరములు. 1994 నాటికి 28,800 గుర్తులవి, 1998 నాటికి 56,000 గుర్తులవి వచ్చినవి. కాని పెట్టెమీద వ్రాసిన వేగము వేరు, తీగ యిచ్చు వేగము వేరు. ఎద్దులు మంచివైనంత మాత్రమున గోతుల బాట నున్ననగునా?

మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు లభించినది 1995 ఆగస్టు 15వ తేదీన. విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరములలో ద్వారములు తెరచెను. ద్వారము మద్రాసులో నుండగా విజయవాడ వాసి యేమి చేయవలెను? ఎస్.టి.డి. పిలుపుతో తన మోడెమును మద్రాసు మోడెముతో మాటలాడింపవలెను. నగరవాసికి స్థానికపు పిలుపు రుసుము, మనకు దూరపు పిలుపు రుసుము. నిమిషము గడచిన కొలది రూపాయలు కరగుచుండెను. విద్యార్థులకిచ్చిన చవుక ఖాతాలలో అక్షరములే గాని బొమ్మలు కానరావు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకును అనుమతి దొరకెను. హైదరాబాదు సత్యం కంపెనీకి చెందిన సత్యం ఇన్ఫోవే వానిలో మొదటిది. పిమ్మట దగ్గరి పట్టణములలో ద్వారములు వెలసి, 172తో మొదలగు సంఖ్యలు త్రిప్పి స్థానికపు పిలుపు వెలకే లోనికి పోవుట సాధ్యమయ్యెను.

దీనికంతటికి ముందు వేసిన పునాది యొకటి కలదు. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ పల్లెలకై 128 తీగల చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించెను. చల్లని గదులు లేకయే మన యెండకును దుమ్మునకును ఓర్చి పనిచేయునట్లు దానిని కల్పించిరి. 1986లో కర్ణాటకములోని కిత్తూరున మొదటిది నెలకొన్నది. ఇట్టివి వ్యాపింపనిచో పల్లెలో మోడెము పలుకుట కల్ల.

ఇక సాఫ్టువేరు సంగతి. మోడెముతో మాటలాడుటకు ఒక భాష కావలెను గదా. 1981లో అమెరికాలో డెన్నిస్ హేస్ అనునాతని కంపెనీ ఆ భాష నేర్పరచెను. ప్రతి యాజ్ఞకు ముందు 'ఏటీ' అను రెండక్షరములు; 'అటెన్షన్' అను మాటకు కుదింపు. మన నాటకములలో రాజు 'ఎవరక్కడ?' అని కేక వేయుట వంటిది. ఆపై 'డీ' యన్నచో సంఖ్య త్రిప్పుమని యర్థము. దాని ప్రక్కన 'టీ' చేర్చిన స్వరములతోను, 'పీ' చేర్చిన పాత చక్రపు టెలిఫోనువలె టకటకలతోను త్రిప్పును. ఎక్స్ఛేంజి పాతదైన చోట 'టీ' యని యాజ్ఞాపించిన, మోడెమెంత కూసినను ఫలము లేదు. ఈ యొక్క యక్షరము తెలియక దినములు పోగొట్టుకొన్నవారు కలరు.

ఆజ్ఞకు మోడెము ప్రత్యుత్తరమిచ్చును. కలిసినచో 'కనెక్ట్' అని వేగమును గూడ చెప్పును. ఆవలి తీగ తీరిక లేనిదైన 'బిజీ', టెలిఫోనులో ధ్వనియే లేనిచో 'నో డయల్‌టోన్', మాటలాడుచుండగా తీగ తెగినచో 'నో క్యారియర్'. నా దృష్టిలో ఆ కాలపు సాఫ్టువేరులకున్న మొదటి గుణమిదియే. పని చెడినప్పుడు ఎక్కడ చెడినదో చెప్పెడివి. నేటి చేతి ఫోనులో చక్రము గిఱ్ఱున తిరుగుచునే యుండును. తప్పు మనదో, తీగదో, ఆవలివారిదో తెలియదు. నాడు 'నో డయల్‌టోన్' అని చూడగనే టెలిఫోను ఆఫీసునకు పోయి ఫిర్యాదు వ్రాయవలెనని పామరునకును తెలిసెడిది. ఫిర్యాదు వ్రాసిన పిమ్మట తీగ బాగుపడుటకు ఎన్ని దినములు పట్టెడిదో యను సంగతి వేరు.

టెలిక్సు, ప్రోకామ్ అనునవి ఈ పనికి పేరుపొందిన సాఫ్టువేరులు. విండోసు 95తో పాటు వచ్చిన హైపర్‌టెర్మినలు మఱియొకటి. మొదటి రెండును నేర్చినవానికి కామధేనువులు, నేర్వనివానికి చిక్కుముడులు. 'బిజీ' వచ్చినప్పుడు తామే మరల మరల సంఖ్యను త్రిప్పుట వానిలోని గొప్ప సౌకర్యము. సాయంకాలము అందఱు నొక్క ద్వారము మీద పడు వేళ నిది లేనిచో వ్రేళ్లు నొచ్చును. హైపర్‌టెర్మినలు చూచుటకు సులభము. పనికి చాలును, పాండిత్యము తక్కువ.

తీగలోని రొద యన్నిటికంటె పెద్ద శత్రువు. వర్షమునకు తడిసిన అతుకులు, కేబులులోనికి దిగిన నీరు, ప్రక్క తీగల మాటలు, ఇవన్నియు మోడెము చెవికి స్వరములుగనే వినబడును. దీనివలన తెలుగు లేఖకు కలుగగల వింత ప్రమాదమొకటి చెప్పెదను. అప్పటి కంప్యూటరు తెరలపై తెలుగు లిపి లేదు గనుక, 1990ల ఆరంభమున అమెరికాలోని రైసు విశ్వవిద్యాలయమునందున్న తెలుగువారు, కన్నెగంటి రామారావు, ఆనంద కిశోరు మొదలగువారు, ఇంగ్లీషు అక్షరములతో తెలుగును తప్పులేక వ్రాయుటకు ఆర్.టి.ఎస్. అను పద్ధతిని కల్పించిరి. అందు పెద్ద 'టీ' టకారము, చిన్న 'టీ' తకారము. పెద్ద 'డీ' డకారము, చిన్న 'డీ' దకారము. కంప్యూటరు లెక్కలో పెద్ద యక్షరమునకు చిన్న యక్షరమునకు భేదము ఒక్క గుర్తు మాత్రమే. రొద వలన ఆ యొక్క గుర్తు తారుమారైనచో 'మడి' పోయి 'మది' యగును; 'మాట' పోయి 'మాత' యగును. మడి అమ్మితినని తండ్రి వ్రాయగా, మది అమ్మితినని కొడుకు చదువవలసి వచ్చును!

కావుననే పరీక్షలు పుట్టినవి. 1977లో చికాగోలో వార్డు క్రిస్టెన్సెన్ అనునాతడు ఎక్స్‌మోడెమ్ అను పద్ధతిని చేసెను. పంపవలసినదానిని 128 అక్షరముల మూటలుగా కట్టి, ప్రతి మూటకును అందలి సంఖ్యల మొత్తమును చీటీగా తగిలించి పంపును. ఆవలివాడు తానును కూడి చూచి, సరిపోయిన 'అందినది' యనును, సరిపోనిచో 'మరల పంపు'మనును. కరణము లెక్కను మునసబు కూడి చూచుట వంటిదే. కాని కూడికలో నొక లోపము కలదు. ఒక పద్దులో 32 పెరిగి, మఱియొక పద్దులో 32 తగ్గినచో మొత్తము సరిగనే యుండును. చిన్న యక్షరము పెద్దదాని కంటె సరిగ్గా 32 ఎక్కువ! అనగా నొకే మూటలో 'మడి' మదియై, 'మాత' మాటయైనచో ఈ పరీక్షకు దొరకదు. తరువాతివారు అక్షరమున్న స్థానమును గూడ లెక్కలోనికి తెచ్చు గట్టి పరీక్షను చేర్చిరి. 1988లో ఏర్పడిన వి.42 అను కట్టుబాటుతో మోడెములే ఈ పరీక్షను చేయసాగినవి. అంతట అక్షరములు తప్పుట పోయినది. దానికి బదులు, చెడ్డ తీగపై మరల మరల పంపుటచే లేఖ నత్తనడక నడచెను.

ఎక్స్‌మోడెమ్‌నకు ఇంకొక యీతిబాధ కలదు. కాలువల మీద పడవలు నడచిన కాలమెరిగినవారికి లాకుల సంగతి చెప్పనక్కరలేదు. ఒక పడవ లోనికి వచ్చి, తలుపులు మూసి, నీరు సమమై, అది వెడలినగాని రెండవదానికి త్రోవ లేదు. ఎక్స్‌మోడెమ్ నడకయు నట్టిదే. ఒక మూటకు జవాబు వచ్చు వరకు రెండవ మూట కదలదు. దూరము పెరిగిన కొలది ఈ నిరీక్షణయే వేగమును మ్రింగును. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయమున పుట్టిన కెర్మిట్, కొన్ని యక్షరములను సాగనీయని తీగలపై గూడ వేషము మార్చి వానిని దాటింపగల నేర్పరి; మందగామి యని పేరుపడెను గాని నమ్మదగినది. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ చేసిన జడ్‌మోడెమ్ ఈ రెంటిని మించినది. మూటల నాపక పంపుచు, తప్పు పడినప్పుడు మాత్రమే వెనుకకు చూచును. అంతకంటె మేలు, నడుమ తీగ తెగినచో, మరల కలిసినప్పుడు ఆగిన చోటనుండియే సాగించును. సెకనుకు 9,600 గుర్తుల మోడెముతో ఒక మెగాబైటు తెచ్చుకొనుటకు పదునెనిమిది నిమిషములు పట్టును. పదునేడవ నిమిషమున తీగ తెగి, మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చినవాని దుఃఖము, ఎస్.టి.డి. బిల్లు చేతికి వచ్చిన దినమున ద్విగుణమగును.

ఇంటిలో తీగ యొక్కటియే. మోడెము పలుకుచున్నంత సేపు ఎవ్వరును టెలిఫోను ముట్టరాదు. తెలియక మేనత్తయో, పిన్నతల్లియో రిసీవరు ఎత్తినచో 'నో క్యారియర్'. బయటనుండి పిలుచువారికి గంటల కొలది 'బిజీ' ధ్వనియే. కబురు చెప్పవలసినవాడు ఊరక పోవును. అందుచే తెలివిగలవారు ముందుగా లేఖ లన్నియు వ్రాసి సిద్ధపరచుకొని, తీగ కలిపి, పంపవలసినవి పంపి, వచ్చినవి తెచ్చుకొని, వెంటనే తీగ విడిచి, పిమ్మట తీరికగా చదువుకొనెడివారు. టెలిగ్రాముకు మాటలు లెక్కించి వ్రాసిన తరమువారికి ఈ పొదుపు కొత్త కాదు. ఆ టెలిగ్రాము గూడ 2013 జూలైలో మన దేశమున నిలిచిపోయినది.

ఇన్ని గుణదోషములను చెప్పితిని గాని, అసలు దోషము వేరొకటి కలదు. 1999 ప్రాంతమున మా పొరుగూరి వృద్ధ రైతొకరు, విజయవాడ గవర్నరుపేటలోని ఒక నెట్ కేంద్రమున అచ్చు తీయించిన కాగితమును పట్టుకొని నాయొద్దకు వచ్చిరి. కొడుకు వ్రాసిన ఈ-మెయిలది. ఆయన నిత్యము భారతము చదువువారు; వార్తాపత్రికను మొదటి పుటనుండి చివరి పుట వరకు విడువనివారు. కాగితమును నా చేతికిచ్చి, "మాస్టారూ, వాడు రాసింది తెలుగేనంటున్నారు. మరి నాకెందుకు చదవను రావడం లేదండీ?" అనిరి. నేను చదివి వినిపించితిని. అందు కోడలికి మూడవ నెల యను వార్త యొకటి, భార్యాభర్తల నడుమ పొరపొచ్చెమును గూర్చిన మాట యొకటి యుండెను. రెండవదానిని నేను విన్నందులకు ఆయన తల వంచుకొనిరి. నీలి రంగు విమానపు టుత్తరము పది పదునైదు దినములకు వచ్చిన నేమి, దానిని తానొక్కడే తలుపు మూసికొని చదువుకొనెడివాడు. ఈ లేఖ ఒక్క పూటలో వచ్చెను; కాని చదువుటకు మూడవ మనిషి కావలసి వచ్చెను.

ఆ సాఫ్టువేరులు తీగలోని రొదను జయించినవి, తెగిన లేఖను అతికినవి, దొరకని ద్వారమును వందమారులు తట్టినవి. లిపిని మాత్రము లెక్కింపలేదు. అక్షరాస్యుడైన పెద్దమనిషిని తన కొడుకు లేఖయెదుట నిరక్షరాస్యుని చేసినవి. కొందఱు తెలుగు ఫాంటులతో వ్రాసి పంపిరి. ఆ ఫాంటు ఆవలి కంప్యూటరులో లేనిచో లేఖ యంతయు పిచ్చిగీతలుగా కనబడెను. యూనికోడ్ అను సార్వత్రిక సంకేతములలో తెలుగునకు 1991లోనే స్థానము దొరికినను, విండోసులో తెలుగు లిపి చేరినది 2001లో వచ్చిన ఎక్స్.పి.తోనే. ఆ పదియేండ్ల యాలస్యము తీగ దోషమని నేనొప్పుకొనను. అడుగవలసినవారు గట్టిగా అడుగలేదు, చేయవలసినవారు తొందరపడలేదు.

2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ బ్రాడ్‌బ్యాండు ప్రారంభించెను. అదే తీగపై మాటయు లేఖయు నొకేసారి నడువసాగెను. మోడెము కూతలు క్రమముగా నిలిచిపోయినవి. విండోసులో ఎక్స్.పి. తరువాతి విస్టాతో హైపర్‌టెర్మినలును తొలగించిరి.

ఆనాటి ఈ-మెయిలు కాగితములు మీ పెట్టెలలో నున్నచో పారవేయకుడు. ఆర్.టి.ఎస్. పద్ధతిని తప్పక పాటించి వ్రాసినవానిని నేటి సాఫ్టువేరులు నిమిషములో తెలుగు లిపిలోనికి మార్చగలవు. టకార తకారములు వేరుగా నున్నవి గనుక సందేహమునకు తావుండదు. పెద్ద చిన్న యక్షరముల భేదము లేక తోచినట్లు వ్రాసినవానిని మాత్రము, ఆ యింటి సంగతులెరిగినవారు ప్రక్కన కూర్చుండి, ఇది మడియా, మదియా యని తేల్చి వ్రాసికొనవలెను. ఎరిగినవారు ఉన్నప్పుడే ఆ పని కాగలదు.